ఊడని ప్లేటు

తిరువూరులో అంతోనయ్య ఎక్కడుంటాడని అడిగితే ఎవరూ చెప్పరు. ప్లేటు ఎక్కడుంటాడని అడగాలి. అప్పుడు బస్టాండు దగ్గర సోడా బండివాడు కూడా చెయ్యి చాపి, విజయవాడ రోడ్డులో పెట్రోలు బంకు దాటాక రేకుల షెడ్డు అని చూపిస్తాడు. చూపిస్తూ నవ్వుతాడు. ఆ నవ్వు చూసి, అడిగినవాళ్ళు కూడా ఎందుకో తెలియకుండానే కొంచెం నవ్వుతారు.

షెడ్డు అతనిది కాదు. అక్క మేరమ్మ భర్త ఇన్నాసయ్యది. మీసం రాకముందే పెనుగొలను నుంచి బావ దగ్గరికి పనికి వచ్చిన అంతోనయ్యకి ఇప్పుడు మీసం నెరిసింది. ట్రాక్టరైనా జీపైనా బండి అడుగున చేసే పనంతా అతనిదే. ఇన్నాసయ్య నిలబడి మాట్లాడతాడు. అంతోనయ్య గోనె సంచి పరుచుకుని, బండి కింద వెల్లకిలా పడుకుని పనిచేస్తాడు. వచ్చినవాళ్ళకి బావ మొహం కనిపిస్తుంది, బావమరిది కాళ్ళు కనిపిస్తాయి. ఆ కాళ్ళని చూస్తూనే ఇన్నాసయ్య కబుర్లు చెబుతాడు.

ప్లేటు అన్న పేరు చాలా యేళ్ళ కిందట ఒక మేరీమాత పండగనాడు వచ్చింది.

ఆ యేడు మాత స్వరూపాన్ని ఫాదర్ గారి జీపు మీద ఊరేగించారు. గుంటల్లో ఇంజను చాంబరుకి దెబ్బ తగలకుండా, ముందురోజే ఆ జీపు అడుగున ఇనప రేకు, అదే ప్లేటు, బిగించింది అంతోనయ్య. బస్టాండు సెంటరుకి వచ్చేసరికి ముందువైపు బోల్టులు రాలిపోయి రేకు రోడ్డు మీద పడింది. వెనక బోల్టులు వదల్లేదు. రేకు ఈడ్చుకుంటూ వచ్చింది. నిప్పురవ్వలు లేచాయి. జపమాల చెబుతున్న ఆడవాళ్ళు ఆగిపోయారు. బాజాలు ఆగాయి. అన్నీ ఆగిపోయాక, డ్రైవరు బ్రేకు వేసేదాకా, రేకు ఒక్కటే మోగింది.

ఆ నిశ్శబ్దంలో ఇన్నాసయ్య గొంతు వినపడింది.

"కానివ్వండమ్మా, కానివ్వండి. మా బామ్మర్ది కూడా ఓ కీర్తన ఎత్తుకున్నాడు."

ఫాదర్ గారు నవ్వారు. ఫాదర్ గారే నవ్వాక ఇంకెవరు ఆగుతారు? మర్నాటినుంచి అంతోనయ్య పేరు పోయింది.

ఆ బోల్టులు ఇచ్చింది ఇన్నాసయ్యే. కొత్తవి తెస్తాను బావా అంటే, పండగ పూట ఏ కొట్టు తీసుంటార్రా, డబ్బాలోవి చాల్లే అన్నాడు. డబ్బాలోవి మరలు అరిగినవి. బిగువు పట్టే స్ప్రింగు వాషర్లు ఒక్కటీ లేవు. అంతోనయ్య ఈ మాట ఎవరికీ చెప్పలేదు. బావ అన్నాక ఎకసెక్కెం ఆడతాడు, బావమరిది అన్నాక పడతాడు. పడి, తిరిగి ఒకటి అంటాడు. లోకంలో ఆ ఆట అట్లాగే సాగుతుంది. అంతోనయ్యకి పడటం వచ్చు. అనటం రాదు. అందుకని ఆట ఒకవైపే సాగింది.

షెడ్డుకి వచ్చిన ప్రతి కొత్తవాడికీ ఇన్నాసయ్య ఆ ఊరేగింపు కథ చెబుతాడు. పాతవాళ్ళకి కొత్త మాట ఒకటి చేరుస్తాడు. ఓసారి ట్రాక్టరు వెనక తగిలించి మట్టి గుల్లచేసే రోటవేటరు బాగుచేయించుకోవడానికి వచ్చిన రైతుతో అన్నాడు.

"దీంట్లో ఒక బోల్టు తెగడానికే పెడతారు, తెలుసుగా? రాయి తగిలితే గేరుబాక్సు పగలకుండా అది తెగిపోవాల. చవక బోల్టు. మా షెడ్డులో కూడా ఒకటుంది." కాలితో గోనెసంచిని తట్టాడు. "ఇదుగో, దీని మీద."

అంతోనయ్య బండి కింద పని చేసుకుంటూనే ఉన్నాడు. రైతు నవ్వాపుకుని, మొహమాటంగా దగ్గాడు.

అంతోనయ్య భార్య జ్ఞానమణి బళ్ళో ఆయా. పిల్లలు ఆమెని ప్లేటాంటీ అంటారు. అది వెక్కిరింపని తెలియని చిన్నపిల్లలు ప్రేమగానే అంటారు. ఆమెకి అదే ఎక్కువ కష్టంగా ఉంటుంది. ఒకరోజు అన్నం వడ్డిస్తూ అంది, "వేరే షెడ్డు పెట్టమని నేను అడగనండి. ఆ పేరొక్కటి పోగొట్టుకోండి. చాలు."

"పేరు పోగొట్టుకోవడం మన చేతుల్లో ఉంటదా?" అన్నాడు అంతోనయ్య.

"ఇంకెవరి చేతుల్లో ఉంటది?"

అతను తన చేతులు చూసుకున్నాడు. గ్రీజు గీతల్లోకి ఇంకిపోయిన చేతులు. వాటి మీద అతనికి నమ్మకం ఉంది. ఇంకెవరికీ లేదు.

శివరాత్రి వెళ్ళిన వారంలో గురుచరణ్ కొత్త జీపు వేసుకుని షెడ్డుకి వచ్చాడు. విజయవాడలో బ్యాంకు ఉద్యోగం. వినగడప అవతల తండ్రి ఇచ్చిన మామిడి తోట. తోటకి పోవాలంటే వాగు దాటాలి, పత్తి పీకిన చేలల్లోంచి పోవాలి. వాగులో రాళ్ళు, చేలల్లో ఈటెల్లాంటి పత్తి మోళ్ళు. అందుకని కోయంబత్తూరు నుంచి బండి అడుగుకి ప్లేట్లు తెప్పించాడు. అట్టపెట్టె దింపి ఇన్నాసయ్యతో అన్నాడు.

"ఇక్కడ ప్లేటు గారని ఉన్నారంటండి. ప్లేట్లు బిగించడంలో స్పెషలిస్టంట."

ఇన్నాసయ్య ఆ సంతోషాన్ని నెమ్మదిగా మింగి, పెద్దమనిషిలా చెయ్యి చూపించాడు.

"ఉన్నారండి. ప్లేటు గారూ, తమరు బయటికి దయచేయండి."

అంతోనయ్య బండి కిందనుంచి లేచి వచ్చి నమస్కారం పెట్టాడు. గురుచరణ్ తిరిగి నమస్కారం పెట్టాడు. చాలా యేళ్ళ తర్వాత అతన్ని ఒకరు 'గారు' అన్నారు. అదీ ఆ పేరుకి తగిలించి అన్నారు.

పెట్టె విప్పారు. ప్లేట్లు మంచివి. మందం, వంపు, ఆయిలు దించడానికి వదిలిన కంత, అన్నీ సరిగ్గా ఉన్నాయి. బోల్టుల పొట్లం విడిగా ఉంది. స్టీలు గిన్నెల్లా తళతళలాడే బోల్టులు. పుట్టగొడుగుల్లా గుండ్రటి తలలు.

"ఇవి వద్దండి," అన్నాడు అంతోనయ్య.

"ఎందుకండి? తుప్పు పట్టవు కదా."

"పట్టవండి. కానీ మెత్తన. పొడిగా బిగిస్తే మరలు ఒకదాన్నొకటి కొరుక్కుని పట్టేస్తాయి, తర్వాత విప్పబోతే తెగుతాయి. తలలు కూడా కిందికి పొడుచుకొచ్చి ఉన్నాయి. రాయి ముందు పట్టుకునేది తలనే."

"మరి ఏవి వేద్దాం?"

అంతోనయ్య ట్రాక్టరు సామాన్ల కొట్టుకి పోయి, రెండు రకాలు తెచ్చి గోనెసంచి మీద పెట్టాడు. ఒకటి నల్లటివి, అన్నిటికన్నా గట్టివి. అవి వంగవు, తెగితే గాజులా ఒక్కసారే తెగుతాయి అని పక్కన పెట్టేశాడు. రెండో రకం వాటికన్నా ఒక మెట్టు తక్కువ గట్టివి. దెబ్బ తగిలితే ముందు వంగి చెబుతాయి. బల్లపరుపు తల. నాగలికర్రుకి వేసే బోల్టులాగా తల ప్లేటులోకి మునిగిపోతుంది. తల మధ్యలో కీ పెట్టి తిప్పడానికి ఆరు పలకల గుంట.

"చేత్తో నిమిరితే తగలకూడదండి," అన్నాడు. "రాయికి కూడా తగలదు."

"కడుక్కోవాలంటే విప్పచ్చా? పైన మట్టీ ఆకులూ చేరతాయంటున్నారు."

"కీ పెట్టి తిప్పితే వచ్చేస్తాయండి."

గురుచరణ్ తల ఊపాడు. అంతోనయ్య తన జన్మలో అన్ని మాటలు ఒకేసారి ఎప్పుడూ మాట్లాడలేదు. ఇన్నాసయ్య స్తంభానికి ఆనుకుని అంతా విన్నాడు.

"ఇంత తెలివి ఊరేగింపు నాడు ఏ గూట్లో పెట్టావురా?" అన్నాడు.

తర్వాత గురుచరణ్‌కి ఆ కథ చెప్పాడు. బాగా చెప్పాడు. జపమాల చెప్పేవాళ్ళ మొహాలు కూడా పెట్టి చూపించాడు. గురుచరణ్ నవ్వు ఆపుకోబోయి, ఆపుకోలేక, అంతోనయ్య వైపు తిరిగి "సారీ అండి" అన్నాడు. తన బండి వైపు ఒకసారి చూసుకున్నాడు. ఆ చూపు అంతోనయ్య చూశాడు.

"భయపడకండి సార్," అన్నాడు ఇన్నాసయ్య. "ఈసారి పందెం కడతా. ఒరే, ఎల్లుండి రెండో శనివారం, సార్‌కి సెలవు. ట్రయలుకి బండి వాగు దాటి తోటకి పోయి షెడ్డుకి తిరిగి రావాల. నేను కిందకి దూరి చూస్తా. ఒక్క బోల్టు తగ్గకుండా అన్నీ ఉన్నాయో, షెడ్డు బోర్డు మీద నీ పేరు రాయిస్తా. ఇన్నాసయ్య అండ్ అంతోనయ్య. ఒక్కటి ఊడిందనుకో, ప్లేటు అని రాయిస్తా. పెద్ద పెద్ద అక్షరాల్తో. సార్ సాక్షి."

పక్కషెడ్డువాళ్ళు వచ్చి నిలబడ్డారు. అంతోనయ్య ఏమన్నా అంటాడేమోనని చూశారు. అతను డ్రిల్లు తీసుకుని కిందకి దూరాడు.

ఆ పని అతను ఎట్లా చేశాడో చూసినవాళ్ళు లేరు. ప్రతి రంధ్రం అంచునీ గరాటాలా చెక్కాడు. తల పెట్టి చూసి, తీసి, మళ్ళీ చెక్కాడు. ఛాసిస్ మరల్లో తుప్పు బ్రష్షుతో దులిపి గ్రీజు రాశాడు. ఒక మూల పూర్తిగా బిగించకుండా అన్నీ వేళ్ళతో ఎక్కించి, ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించుకుంటూ వచ్చాడు. చివర అరచెయ్యి పెట్టి ప్లేటంతా నిమిరాడు. ఎక్కడా తగల్లేదు. చల్లగా, నున్నగా ఉంది. నిద్రపోతున్న గేదె కడుపులా ఉంది. అతను చెయ్యి అట్లాగే కాసేపు ఉంచాడు.

అప్పటికి ఆ పనిలో తప్పు లేదు.

శుక్రవారం మధ్యాహ్నం ఇన్నాసయ్య అన్నానికి ఇంటికి పోతూ, బండి ముందు వంగి, ప్లేటుని రెండు చేతుల్తో పట్టుకుని ఊపాడు. అది కదల్లేదు. మళ్ళీ ఊపాడు. ఏమీ అనలేదు. నవ్వి, చేతులు దులుపుకుని వెళ్ళిపోయాడు.

ఏదన్నా అన్నట్టయితే బాగుండేది. అనని మాట అంతోనయ్య చెవిలో ఉండిపోయింది. బావ ఏం చూశాడు? నవ్వెందుకు? తనకి తెలియనిది ఏదో ఉందా? కీ తీసుకుని ప్రతి బోల్టూ మళ్ళీ చూశాడు. బిగువుగా ఉన్నాయి. మళ్ళీ చూశాడు. బిగువుగా ఉన్న బోల్టుని ఎన్నిసార్లు చూసినా అది బిగువుగానే ఉంటుంది, ధైర్యమే వదులవుతూ ఉంటుంది. వాగులో రాళ్ళ అదురుకి ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి తిరిగితే? కళ్ళ ముందు బోర్డు కనిపించింది. పెద్ద పెద్ద అక్షరాలు కనిపించాయి. జ్ఞానమణి ఆ బోర్డు కింద నుంచే రోజూ బడికి పోవాలి.

వెల్డింగు కరెంటుకి బండి వైర్లు కాలకుండా బ్యాటరీ వైరు పీకాడు. వెల్డింగు మిషను లాక్కొచ్చాడు. ఒక్కొక్క బోల్టు తలలో కీ పెట్టే గుంటని ఇనుము కరిగించి పూడ్చేశాడు. తలనీ ప్లేటునీ ఒకటి చేశాడు. చల్లారాక గ్రైండరుతో నున్నగా రుద్ది, నల్ల రంగు పూశాడు. ఇక అక్కడ బోల్టు ఉందని కూడా తెలియదు. ఊడమన్నా ఊడదు.

ఆ రాత్రి చాలాకాలం తర్వాత అతను కడుపునిండా తిన్నాడు.

"ఏంటి, ఇవాళ హుషారు?" అంది జ్ఞానమణి.

"సోమవారం నువ్వు బోర్డు చూద్దువుగాని," అన్నాడు.

శనివారం తెల్లవారి బండి బయలుదేరింది. కొత్తగా ఏది బిగించినా, బిగించినవాడు మొదటి ట్రయలుకి బండిలో కూర్చోవాలి. ఆ షెడ్ల వరసలో అది ఆచారం. తన పని మీద తనే కూర్చుని పోవాలన్నమాట. అంతోనయ్య ఉతికిన చొక్కా వేసుకుని ముందు సీట్లో కూర్చున్నాడు. ఇన్నాసయ్య టీ గ్లాసుతో రోడ్డు దాకా వచ్చాడు.

"జాగ్రత్త సార్. వెనకాల ఏదన్నా మోగితే, అది మావోడి కీర్తనే."

వాగులో నీళ్ళు లేవు. రాళ్ళున్నాయి. గురుచరణ్ మొదట భయంగా నడిపాడు. ఒక గుండు అడుగున గట్టిగా తగిలింది. బండి ఒక్కక్షణం దాని మీద ఎక్కి, ప్లేటు మీద జారి, అవతలికి దిగింది. గురుచరణ్ దిగి వంగి చూశాడు. ప్లేటు మీద తెల్లటి గీత. అంతే.

"బ్రహ్మాండం ప్లేటు గారూ."

"అంతోనయ్య అండి," అన్నాడు అంతోనయ్య. "నా పేరు."

ఆ మాట అనడానికి అతనికి ఆ గుండు అంత బలం కావలసివచ్చింది. గురుచరణ్ అర్థం చేసుకున్నట్టు తల ఊపాడు. తోటలో పిందెలు చూసి, అన్నం తిని, ఎండ వాలాక తిరిగి బయలుదేరారు. ఇప్పుడు గురుచరణ్‌కి ధైర్యం వచ్చింది. చిన్న గేరులో ఇంజను అరిపిస్తూ గట్లెక్కించాడు, దించాడు. పత్తి మోళ్ళు అడుగున టపటపా విరిగాయి. అంతోనయ్య ప్రతి దెబ్బకీ చెవి ఒగ్గాడు. ఏదీ మోగలేదు. బండి అడుగంతా సెగ కక్కుతోంది. దాని సంగతి అతను ఆలోచించలేదు. వదులైనది మోగుతుంది. బిగువైనది మోగదు. అతను వినడం నేర్చుకున్నది అదొక్కటే.

వినగడప దాటాక తారురోడ్డు మీద చిట్టెమ్మ అనే ఆడమనిషి ఉలవ కట్టె ఆరబోసి ఉంది. పీకి ఎండబెట్టిన ఉలవ తీగల్ని రోడ్డు పొడవునా పరిస్తే, వచ్చేపోయే బండ్లు తొక్కి గింజలు రాలుస్తాయి. రోడ్డు పక్కన చీపురూ చేటా పెట్టుకుని ఆమె కూర్చుంది. ఎవరి చేనో కౌలుకి చేసి, ఒక్కతే పీకి, మోసుకొచ్చిన పంట. వాళ్ళ బండి చూడగానే లేచి చెయ్యి అడ్డం పెట్టింది.

"అయ్యా, పక్కనుంచి పోమాకండి. మీది పెద్ద చక్రాలబండి. నాలుగు సుట్లు తిప్పితే నాకు కర్ర పట్టుకునే పని తప్పుద్ది బాబూ. పున్నెముంటది."

"తిప్పుదాం దానికేం," అన్నాడు గురుచరణ్. అతనికి ఆ రోజు అన్నీ బాగున్నాయి. ముందుకి, వెనక్కి, అడ్డంగా తిప్పాడు. తీగలు చక్రాల కింద పెళపెళలాడాయి. చిట్టెమ్మ చేట ఊపుతూ దారి చూపించింది.

ఉలవ తీగ పొడుగ్గా ఉంటుంది, అల్లుకుంటుంది. ఒక కొస చక్రానికి చుట్టుకుంటే కట్ట కట్టంతా లేస్తుంది. అంతోనయ్య దిగి ముందువైపు వంగాడు. ప్లేటు అంచుకీ బంపరుకీ మధ్య సందులోంచి తీగల కుచ్చు వేలాడుతోంది. పట్టి లాగాడు. గుప్పెడు వచ్చింది. వేడిగా ఉంది. వేలితో పైకి తడిమాడు. ప్లేటు పైనంతా, ఇంజనుకీ ప్లేటుకీ మధ్య ఉన్న చోటంతా, గడ్డివామిలా కుక్కుకుపోయి ఉంది. సెగలు కక్కే పొగగొట్టం దానిమీద ఆనుకుని ఉంది.

విప్పి దులపాలి. వేరే దారి లేదు. అది అతనికి వెంటనే తెలిసింది.

"ఏమైందండి?" అన్నాడు గురుచరణ్ కిటికీలోంచి.

విప్పాలంటే కీ గుంట ఉండాలి. ఎందుకు పూడ్చావు అంటారు. షెడ్డుకి పోయి గ్యాసుతో కొయ్యాలి. బావ నిలబడి చూస్తాడు. ఊడినా నీదే, ఊడకపోయినా నీదేనట్రా అంటాడు. ఆ మాట అతనికి అక్కడే, ఆ రోడ్డు మీదే, బావ గొంతులోనే వినపడింది. షెడ్డు ఎంతో దూరం లేదు. బోర్డు అంతకన్నా దూరం లేదు. అందిన కాడికి తీగలు లాగి పక్కన పారేశాడు.

"ఏం లేదండి," అన్నాడు బండెక్కుతూ. "పోనివ్వండి."

"ఇంకో రెండు సుట్లు బాబూ," అంది చిట్టెమ్మ.

ఆ రెండో సుట్టు పూర్తి కాలేదు. ముందు వాసన వచ్చింది, ఉలవలు వేయించిన వాసన. గురుచరణ్ "అబ్బ, ఉలవచారు" అని నవ్వాడు. తర్వాత బోనెట్ అంచుల్లోంచి పొగ వచ్చింది. బండి ఆపి ఇద్దరూ దూకారు. అడుగునుంచి ఎర్రగా ఒక ముద్ద రాలి, కింద పరిచిన కట్టె మీద పడింది. ఎండిన కట్టె అంటుకోవడానికి ఎంతసేపు?

"ప్లేటు విప్పండి! విప్పండి, కిందకి లాగేద్దాం!" అన్నాడు గురుచరణ్.

అంతోనయ్య జేబులోంచి కీ తీసి కిందకి దూరాడు. అలవాటుగా దూరాడు. కీ కొసతో బోల్టు తల కోసం వెతికాడు. కొస నున్నటి ఇనుము మీద జారింది. పక్కకి జరిపాడు. అక్కడా జారింది. తను అంత శ్రద్ధగా రుద్ది రుద్ది నునుపు చేసిన ఇనుము అది. గుంట ఎక్కడా లేదు. ఉండదని తెలిసీ అతని చెయ్యి అన్ని బోల్టుల చోటా వెతికింది. తర్వాత కీ వదిలేసి, సందులో రెండు చేతులూ పెట్టి మండుతున్న తీగల్ని లాగడం మొదలుపెట్టాడు. లాగేకొద్దీ గాలి ఆడి లోపల మంట పెరిగింది. గురుచరణ్ అతని కాళ్ళు పట్టుకుని బయటికి ఈడ్చేదాకా అతను ఆపలేదు.

చిట్టెమ్మ తాగే నీళ్ళ క్యాను బండి మీద పోసింది. వేపమండ విరిచి రోడ్డు మీద కట్టెని కొట్టింది. గాలి ఆమె వైపు లేదు. కట్టె కొసదాకా మంట పరిగెత్తింది. ఆమె మండ పారేసి, అంతోనయ్య ముందుకొచ్చి నిలబడింది.

"నీ చేతులు పడిపోను. ఏం బిగించావురా దాని కింద? నా పంట బుగ్గి చేశావు గదరా. నీ చేతులు..."

అప్పుడు ఆమె అతని చేతులు చూసింది.

ఫైరింజను వచ్చేసరికి ఆర్పడానికి పెద్దగా ఏమీ మిగల్లేదు.

తిరువూరు ఆస్పత్రిలో చేతులకి మందు రాసి, వేళ్ళు విడివిడిగా గుడ్డ చుట్టారు. గాయాలు మానతాయి, వేళ్ళు మాత్రం మునుపటిలా ముడుచుకోవు అన్నాడు డాక్టరు. అంతోనయ్య తల ఊపాడు.

జీపుని షెడ్డుకి లాక్కొచ్చారు. ఇన్సూరెన్సువాళ్ళు చూసేదాకా అక్కడే ఉండాలి. రంగు పోయి, అద్దాలు పోయి, తుమ్మబొగ్గులా ఉంది. షెడ్ల వరసంతా చుట్టూ చేరారు. చేతులు గుండెలకి ఆనించుకుని అంతోనయ్య కూడా వచ్చాడు. రావలసిన పని లేదు. వచ్చాడు.

గురుచరణ్ అతన్ని కోప్పడలేదు. ఇన్నాసయ్యతోనే మాట్లాడాడు.

"నేను ఆయన్ని ఒక్క మాట అననండి. విప్పచ్చా అని అడిగాను. వచ్చేస్తాయన్నారు. అంతే."

ఆ తర్వాత అతను అంతోనయ్య వైపు చూడలేదు. ప్లేటు గారూ అని కూడా అనలేదు.

ఇన్నాసయ్య లుంగీ పైకి కట్టుకున్నాడు. ఎన్నో యేళ్ళ తర్వాత ఒక బండి కిందకి తనే దూరాడు. లోపలినుంచి సుత్తి చప్పుడు వినపడింది. ఒక్కొక్క బోల్టు మీదా ఒక్కొక్క దెబ్బ. ప్రతిదీ గట్టిగా, నిండుగా పలికింది. అందరూ లెక్కపెడుతున్నట్టు నిశ్శబ్దంగా విన్నారు. అతను బయటికి వచ్చి, మసి తుడుచుకుని, నలుగురినీ చూశాడు.

"అన్నీ ఉన్నాయి," అన్నాడు. "ఒక్కటి తగ్గలేదు. షెడ్డుకి తిరిగొచ్చింది. సార్ సాక్షి. ఇన్నాసయ్య మాట తప్పడు."

మొదట ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత ఒకడు నవ్వాడు. తర్వాత అందరూ నవ్వారు.

పెయింటరు సోమవారం వచ్చాడు. నిచ్చెన వేసుకుని ఎక్కి, ఏ రంగు వెయ్యమంటారు అని అడిగాడు.

"నాది నీలం ఉంచు," అన్నాడు ఇన్నాసయ్య. "మావోడిది ఎర్రగా వెయ్యి. మంట రంగు. దూరానికి కనపడాల."

అంతోనయ్య బల్ల మీద కూర్చుని పైకి చూస్తున్నాడు. అక్షరాలు ఒక్కొక్కటే వస్తున్నాయి. పేరులో సగం అయ్యేసరికి అతను అన్నాడు, గొంతు పెంచకుండా.

"ఆ ఊరేగింపు నాటి బోల్టులు నువ్వే ఇచ్చావు బావా. డబ్బాలోవి."

ఇన్నాసయ్య టీ ఊదుకుని ఒక గుక్క తాగాడు.

"తెలుసురా," అన్నాడు. "నాకు తెలియదనుకున్నావా?"

ఇంకో గుక్క తాగాడు. మిగిలిన టీ గ్లాసు బావమరిది నోటికి అందించాడు. చేతులు లేనివాడు తాగాలి కదా. అంతోనయ్య తాగాడు.

సాయంత్రం జ్ఞానమణి బడినుంచి వస్తూ బోర్డు కింద ఆగింది. చదివింది. ఇంటికి వచ్చి, కాళ్ళు కడుక్కుని, అన్నం కలిపి ముద్ద అతని నోట్లో పెట్టింది. రెండో ముద్ద పెడుతూ, అతని మొహంలోకి చూడకుండా అంది.

"రాయించాడు."

"ఊఁ."

"పిల్లలు నన్ను ఇవాళ ప్లేటాంటీ అనలేదు."

"మరేమన్నారు?"

ఆమె ముద్ద చిన్నది చేసి పెట్టింది.

ఇప్పుడు అతను పనిచెయ్యడు. షెడ్డు ముందు బల్ల మీద కూర్చుంటాడు. బోల్టుల డబ్బాలు అతని ముందుంటాయి. ఎవరికి ఏ బోల్టు కావాలో వేలు ఎత్తలేక గడ్డంతో చూపిస్తాడు. చెప్పేది సరిగ్గానే చెబుతాడు. వినేవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుని, అది తప్ప ఇంకేదన్నా తీసుకుపోతారు. జీపు తీసుకుపోయేవాళ్ళు ప్లేటు కొయ్యడానికి గ్యాసు సిలిండరు తెచ్చారు. ఛాసిస్ కోసినా ఆ బోల్టులు మాత్రం రాలేదని ఇన్నాసయ్య వచ్చినవాళ్ళకి చెబుతున్నాడు. ఊరేగింపు కథ చెప్పడం మానేశాడు. ఇది దానికన్నా బాగుంది.

ప్లేటు అని ఇప్పుడు ఎవరూ పిలవరు. సోడా బండివాడు, పక్కషెడ్లవాళ్ళు, బస్సులోంచి తల బయటికి పెట్టిన ముక్కూమొహం తెలియనివాళ్ళు, బోర్డు మీది ఎర్ర అక్షరాలు చదివి, నవ్వుతూ పిలుస్తారు.

"అంతోనయ్య గారూ."

అతను ప్రతిసారీ తల తిప్పి చూస్తాడు.